హెడ్‌ఫోన్లకు సౌండు కార్డు ఎంపిక

సౌండు కార్డు అనేది కంప్యూటరులో అంకెల రూపంలో నిలువ ఉన్న శబ్దాన్ని విద్యుత్ సంకేతంగా మార్చి హెడ్‌ఫోన్లకు, స్పీకర్లకు అందించే పరికరం. నాణ్యమైన హెడ్‌ఫోన్లతో సంగీతం వినదలచినవారు దీని ఎంపికలో ప్రధానంగా రెండు విషయాలు పరిశీలించాలి. మొదటిది, హెడ్‌ఫోన్లకు కావలసినంత వోల్టేజిని కార్డు ఇవ్వగలగడం. రెండవది, కార్డు అవుట్‌పుట్ అవరోధం తగినంత తక్కువగా ఉండడం. అట్టపెట్టె మీద పెద్ద అక్షరాలతో ముద్రించే బిట్లు, కిలోహెర్ట్జ్‌ల సంఖ్యలు వీటి తరువాతనే వస్తాయి. కంప్యూటరులో ఇప్పటికే ఉన్న శబ్ద వలయం ఈ రెండు అవసరాలనూ తీర్చి, రొద లేకుండా పనిచేస్తే వేరే కార్డు కొననవసరం లేదు.

చరిత్ర

తొలినాటి వ్యక్తిగత కంప్యూటర్లలో చాలావాటికి చిన్న స్పీకరు నుండి వచ్చే బీప్ శబ్దాలే ఆధారం. 1987లో వచ్చిన ఆడ్‌లిబ్ కార్డు సంగీత స్వరాలను పలికించింది. 1989లో సింగపూరుకు చెందిన క్రియేటివ్ సంస్థ విడుదల చేసిన సౌండ్ బ్లాస్టర్ కార్డు స్వరాలతోపాటు రికార్డు చేసిన శబ్దాన్ని కూడా వినిపించింది. ఇంటెల్ సంస్థ 1997లో ఏసీ 97, 2004లో హెచ్.డి. ఆడియో అనే ప్రమాణాలను రూపొందించింది. క్రమంగా శబ్ద వలయం మదర్‌బోర్డులోనే భాగమైపోయింది. అందువలన నేడు విడి సౌండు కార్డు తప్పనిసరి వస్తువు కాదు.

పనిచేసే విధానం

సౌండు కార్డులో ముఖ్యమైన భాగాలు రెండు. మొదటి భాగం అంకెలను విద్యుత్ తరంగంగా మారుస్తుంది. దీనిని డిజిటల్ - అనలాగ్ పరివర్తకం అంటారు. రెండవ భాగమైన ఆంప్లిఫయరు ఆ తరంగానికి హెడ్‌ఫోనులోని పొరను కదిలించగల శక్తినిస్తుంది. బ్లూటూత్ హెడ్‌ఫోన్లలోను, యు.ఎస్.బి. హెడ్‌ఫోన్లలోను ఈ రెండు భాగాలూ లోపలే ఉంటాయి. కాబట్టి వాటిని అదే విధంగా వాడేవారికి కొత్త సౌండు కార్డు వలన ప్రయోజనం ఉండదు.

బిట్లు, నమూనాలు

శబ్దాన్ని అంకెలుగా మార్చేటప్పుడు సెకనుకు ఎన్నిసార్లు కొలుస్తారో ఆ సంఖ్యను నమూనాల రేటు అంటారు. ఒక పౌనఃపున్యాన్ని సరిగా తిరిగి పొందడానికి దానికి రెట్టింపు కంటే ఎక్కువ నమూనాలు కావాలి. మానవుని వినికిడి స్థూలంగా 20 నుండి 20,000 హెర్ట్జ్‌ల వరకు ఉంటుంది. 1982లో వచ్చిన కాంపాక్ట్ డిస్కు సెకనుకు 44,100 నమూనాలను ఎంచుకొనడంతో ఈ పరిధి అంతా అందులో ఇమిడింది. నమూనాకు 16 బిట్లు వాడితే అతి పెద్ద శబ్దానికీ, అతి చిన్న శబ్దానికీ మధ్య సుమారు 96 డెసిబెల్ల తేడా చూపవచ్చు. 24 బిట్లు, 192 కిలోహెర్ట్జ్‌లు రికార్డింగు, ఎడిటింగు పనులలో ఉపయోగపడతాయి. వినడానికి మాత్రం ఆ సంఖ్యలను చూసి అదనపు డబ్బు వెచ్చించనవసరం లేదు.

హెడ్‌ఫోన్ల అవరోధం, కావలసిన వోల్టేజి

ఏకాంతర విద్యుత్ ప్రవాహానికి హెడ్‌ఫోను కలిగించే అడ్డంకిని అవరోధం లేదా ఇంపీడెన్స్ అంటారు. దీనిని ఓములలో కొలుస్తారు. బేయర్‌డైనమిక్ సంస్థవారి డి.టి. 880 నమూనా 32, 250, 600 ఓముల రకాలుగా తయారైంది. సెన్‌హైజర్ హెచ్.డి. 650 అవరోధం 300 ఓములు. సామర్థ్యం వోల్టేజి వర్గాన్ని అవరోధంతో భాగించగా వస్తుంది. కాబట్టి 1 వోల్టు వద్ద 32 ఓముల హెడ్‌ఫోనుకు సుమారు 31 మిల్లీవాట్లు అందితే, 300 ఓముల దానికి 3.3 మిల్లీవాట్లే అందుతాయి.

అవరోధంతోపాటు సున్నితత్వాన్ని కూడా చూడాలి. హెచ్.డి. 650 హెడ్‌ఫోను 1 వోల్టుకు 103 డెసిబెల్ల శబ్దం ఇస్తుందని తయారీదారు ప్రకటించారు. సంగీతంలో మృదంగం, తబలా వంటి వాద్యాల దెబ్బలు క్షణకాలం పాటు సగటు శబ్దం కంటే చాలా పైకి లేస్తాయి. ఆ శిఖరాలకు 110 డెసిబెల్లు కావాలనుకుంటే లోటు 7 డెసిబెల్లు. 7 డెసిబెల్ల పెంపుకు వోల్టేజి సుమారు 2.24 రెట్లు కావాలి. అంటే 1 వోల్టు మాత్రమే ఇచ్చే కార్డు ఇక్కడ చాలదు. మిల్లీవాటుకు 100 డెసిబెల్లు ఇచ్చే 32 ఓముల హెడ్‌ఫోను అయితే అదే 1 వోల్టుతో 115 డెసిబెల్లకు చేరుతుంది. దానికి శక్తివంతమైన ఆంప్లిఫయరు అవసరం లేదు.

అవుట్‌పుట్ అవరోధం

కార్డుకు కూడా తనదైన అవరోధం ఉంటుంది. కార్డు ఉత్పత్తి చేసే వోల్టేజిని కార్డు, హెడ్‌ఫోను తమ అవరోధాల నిష్పత్తిలో పంచుకుంటాయి. చాలా హెడ్‌ఫోన్ల అవరోధం అన్ని పౌనఃపున్యాల వద్ద ఒకేలా ఉండదు. పొర అనునాదం చెందే మంద్రస్థాయిలో అది పెరుగుతుంది. ఒక హెడ్‌ఫోను అవరోధం సాధారణంగా 32 ఓములు, మంద్రస్థాయిలో 64 ఓములు అనుకుందాం. కార్డు అవరోధం కూడా 32 ఓములైతే హెడ్‌ఫోనుకు అందే వాటా ఒకచోట సగం, మరొకచోట మూడింట రెండు వంతులు. అందువలన మంద్రస్థాయి 2.5 డెసిబెల్లు ఎక్కువగా వినబడుతుంది. కార్డు అవరోధం 4 ఓములైతే ఈ తేడా 0.5 డెసిబెల్‌కు తగ్గుతుంది. కార్డు అవరోధం హెడ్‌ఫోను అవరోధంలో ఎనిమిదో వంతుకు మించరాదనే నియమం వాడుకలో ఉండడానికి కారణం ఇదే. ప్లేనార్ మాగ్నెటిక్ రకం హెడ్‌ఫోన్ల అవరోధం దాదాపు స్థిరంగా ఉంటుంది. కాబట్టి వాటిలో ఈ దోషం చాలా స్వల్పం.

అంతర్గత, బాహ్య కార్డులు

మదర్‌బోర్డు స్లాటులో అమర్చే కార్డు గ్రాఫిక్స్ కార్డు, పవర్ సప్లై వంటి వాటికి సమీపంలో ఉంటుంది. వాటి విద్యుదయస్కాంత ప్రభావం రొదగా వినబడే అవకాశం ఉంది. యు.ఎస్.బి. ద్వారా కలిపే బాహ్య కార్డు క్యాబినెట్‌కు వెలుపల ఉండి ఈ బెడదను చాలావరకు తప్పిస్తుంది. దానిని లాప్‌టాప్‌తోను, అనేక ఫోన్లతోను కూడా వాడుకోవచ్చు. అయితే బాహ్య కార్డు అయినంత మాత్రాన నాణ్యమైనదని చెప్పలేము. దాని వోల్టేజి, అవుట్‌పుట్ అవరోధం వివరాలు చూడవలసిందే.

కొనే ముందు పరిశీలన

* హెడ్‌ఫోన్లను క్యాబినెట్ ముందు భాగంలోని జాకుకు, తరువాత వెనుక భాగంలోని హెడ్‌ఫోను జాకుకు కలిపి పోల్చాలి. ముందు జాకుకు వెళ్ళే తీగ క్యాబినెట్ లోపలి నుండి సాగుతుంది కనుక దానిలో రొద ఎక్కువగా ఉండవచ్చు. రొద ఇలా తొలగితే ఖర్చు లేకుండానే సమస్య తీరుతుంది.
* ఏ పాటా పెట్టకుండా మౌస్ కదిలించి, ఫైళ్ళు తెరచి వినాలి. గరగర శబ్దం వినబడితే బాహ్య కార్డు మేలు చేస్తుంది.
* శబ్దస్థాయిని పూర్తిగా పెంచినా పాట చిన్నగా ఉంటే ఎక్కువ వోల్టేజి ఇచ్చే కార్డు కావాలి.
* రెండు కార్డులను పోల్చేటప్పుడు రెండింటి శబ్దస్థాయి సమానంగా ఉండాలి. కొద్దిపాటి తేడా ఉన్నా పెద్దగా మోగేదే మెరుగైనదిగా తోస్తుంది. ఏ కార్డు మోగుతున్నదో వినేవారికి తెలియకుండా మరొకరు మార్చడం ఉత్తమం.

వినికిడి భద్రత

శక్తివంతమైన కార్డుకు సున్నితమైన హెడ్‌ఫోన్లను కలిపినప్పుడు శబ్దం హఠాత్తుగా ప్రమాదకర స్థాయికి చేరవచ్చు. అందుచేత శబ్దస్థాయిని పూర్తిగా తగ్గించిన తరువాతనే హెడ్‌ఫోన్లను ధరించాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన ప్రకారం పెద్దలు సగటున 80 డెసిబెల్ల శబ్దాన్ని వారానికి 40 గంటలకు మించి వినరాదు. పిల్లలకు ఇదే కాలానికి పరిమితి 75 డెసిబెల్లు. శబ్దం 3 డెసిబెల్లు పెరిగిన ప్రతిసారీ అనుమతించదగిన కాలం సగమవుతుంది. 90 డెసిబెల్ల వద్ద అది వారానికి 4 గంటలు మాత్రమే. లోపలి చెవిలో శబ్దాన్ని గ్రహించే రోమకణాలు నశిస్తే మనిషిలో అవి తిరిగి పెరగవు.