పప్పేల ఉడకదు?

కర్నూలు, కడప ప్రాంతముల పల్లెలలో తఱచుగా వినవచ్చు మాట యొకటి కలదు: "ఈ నీళ్లకు పప్పుడకదు." ఒకే మూటలోని కందిపప్పును రెండు పాత్రలలో పోసి, ఒకదానిని వాననీటితోను, రెండవదానిని ఉప్పుబావి నీటితోను పొయ్యిమీద పెట్టినచో, మొదటిది త్వరగా మెత్తపడి పప్పుగుత్తికి లొంగును. రెండవది ఎంతసేపు మండించినను పలుకుపలుకుగానే నిలుచును. కట్టెలు కాలిపోవును; పొలమునుండి వచ్చినవారికి సంగటిలోనికి పప్పు అందదు. అప్పుడు కొందఱు అంగడివానిని నిందింతురు. కొందఱు క్రొత్తగా కాపురమునకు వచ్చిన కోడలికి వంట చేతకాదందురు. నిజమునకు దోషము ఇరువురిదియు కాదు. కారణము నేలలోని ఱాతియందును, పప్పులోని పెక్టిన్ అను పదార్థమునందును ఉన్నది.

ప్రతి మొక్కయు సూక్ష్మమైన కణముల సముదాయము. ఒక్కొక్క కణముచుట్టును ఒక గోడ యుండును. దీనికి కణకవచమని పేరు. ఈ గోడకు బలము నిచ్చు సన్నని పోగులు సెల్యులోజుతో నేర్పడినవి. ఆ పోగుల సందులలో నిండి, ఒక కణమును ప్రక్క కణముతో అతికించి యుంచునది పెక్టిన్. ఇల్లు కట్టువారు ఱాతికిని ఱాతికిని నడుమ సున్నము పెట్టుదురు గదా! మొక్కలో పెక్టిన్ చేయు పని యట్టిదే. 1825లో హెన్రీ బ్రాకొన్నో అను ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు దీనిని వర్ణించి, గడ్డకట్టుట అను నర్థముగల గ్రీకు పదమునుండి దీనికి పేరు పెట్టెను.

పెక్టిన్ నిర్మాణము పూసలదండను పోలియుండును. పూసలలో హెచ్చుభాగము గెలాక్ట్యురోనిక్ ఆమ్లము; ఇది చక్కెరనుండి పుట్టిన ఆమ్లము. ఇట్టి పూసలు వందలకొలదిగా కూడి పొడవైన గొలుసగును. అక్కడక్కడ ఇతర చక్కెరలు కొమ్మలవలె అంటియుండును. ప్రతి ఆమ్లపు పూసకును ఒక ఆమ్లపు కొన కలదు. కొన్ని కొనలను మిథైల్ సమూహములు మూసియుంచును. మూతలేని కొనలు ఋణవిద్యుత్తును వహించును. సున్నములోని కాల్షియము నీటిలో కరగినపుడు దాని అయాను రెండు ధనావేశములను కలిగి యుండును. కావున ఒక్క కాల్షియము రెండు గొలుసులను చెఱియొక చేతితో పట్టుకొన్నట్లు బిగించును. గ్రుడ్లను పేర్చు అట్టలోని గుంటలలో గ్రుడ్లు ఒదిగినట్లు, గొలుసుల వంపులలో కాల్షియము ఒదుగునని 1973లో శాస్త్రజ్ఞులు ప్రతిపాదించిరి.

పచ్చికాయ గట్టిగా నుండుటకు ఈ బంధమొక ముఖ్యకారణము. కోడూరు తోటలలోని బొప్పాయి పండునపుడు, కాయలోని ఎంజైములు పెక్టిన్ గొలుసులను త్రెంచును. కణములు వదులగును, పండు మెత్తబడును. జామకాయల రసమునకు చక్కెరయు నిమ్మపులుపును చేర్చి కాచి చల్లార్చినచో, అందులోని పెక్టిన్ గొలుసులు వలవలె అల్లుకొని నీటిని బంధించును. అదియే జెల్లీ. చీనీ, నిమ్మ తొక్కలలోను పెక్టిన్ సమృద్ధిగా నుండును.

పండులో ఎంజైములు చేయు పనిని పొయ్యిమీది పప్పులో వేడి చేయును. పెక్టిన్ కరగినపుడు కణములు విడిపోయి పప్పు మెదుగును. కాని నీటిలో కాల్షియము ఎక్కువగా నున్నచో, అది పప్పులోనికి చొచ్చి గొలుసులను మఱింత బిగించును. అట్లు బిగిసిన పెక్టిన్ సులభముగా కరగదు.

ఈ కాల్షియము బావులలోని కెట్లు వచ్చును? ఈ సీమలో సున్నపుఱాయి విస్తారము. ఇండ్లలో పరచు నల్లని కడపబండయు ఆ జాతిదే. వాననీరు గాలినుండియు నేలనుండియు బొగ్గుపులుసు వాయువును గ్రహించి, ఆ ఱాతిని మెల్లగా కరగించును. కొలిమిగుండ్ల సమీపమున మూడు కిలోమీటర్లకు మించి వ్యాపించిన బెలుం గుహలు ఇట్లేర్పడినవే. కరగిన సున్నము భూగర్భజలములో చేరి దానిని కఠినజలముగా మార్చును. వానలు తక్కువైన సీమకు ఆ నీరే దిక్కు.

ఉపాయము లేకపోలేదు. ముందుగా నీటిని మరగకాచి నిలువ ఉంచినచో, సున్నము కొంత తెల్లని పొరగా అడుగున దిగును. పైతేటను వంటకు వాడవచ్చును. అయితే కొన్ని లవణములు కాచినను పోవు. అట్టిచోట నిలువచేసిన వాననీరు మేలు. పులుపు కూడ పెక్టిన్‌ను త్వరగా కరగనీయదు. అందుచేతనే పప్పు ఉడికిన పిమ్మట చింతపులుసు పోయుట మంచిది. సోడాపొడి పప్పును మెత్తపఱచును గాని, బి1 విటమినును కొంత నశింపజేయును.

బావినీటిని మార్చుట కోడలి చేతిలో లేదు; ఱాతిని మార్చుట ఎవరి చేతిలోను లేదు. కారణ మెఱిగినవారు నిందను మాని, నీటిని కాచి తేర్చుకొందురు.