సమాధి గోడ మీద పూలతీగ

ప్రజాసంఖ్య రాయాలని ఆజ్ఞ ఇచ్చిన ఔగుస్తు కైసరును లూకా సువార్త 2వ అధ్యాయంలో ప్రతి క్రిస్మస్‌కూ చదువుకుంటాం. ఆయన భార్య లివియాకు రోము వెలుపల ప్రీమా పోర్తాలో ఒక విల్లా ఉండేది. సగం నేలలోకి దిగిన ఒక గదిలో, క్రీ.పూ. 30-20 ప్రాంతంలో, చిత్రకారులు నాలుగు గోడల నిండా తోటను చిత్రించారు. గులాబీలు, చామంతులు, గన్నేరు, పండ్లతో నిండిన దానిమ్మ, కొమ్మల మీద పిట్టలు! 1863లో బయటపడిన ఆ తోట ఇప్పుడు రోములోని పలాట్సో మాస్సిమో మ్యూజియంలో ఉంది.

రోమన్లు తడి సున్నపు పూత మీద నీళ్లలో కలిపిన రంగులు వేసేవారు. ఆరేకొద్దీ సున్నం రాయిలా గట్టిపడి రంగును తనలో పట్టేసుకుంటుంది. అందుకే క్రీ.శ. 79లో వెసూవియస్ అగ్నిపర్వతం కప్పేసిన పొంపేయి నగరంలోనూ గోడల మీది పూలు నిలిచాయి. ఆ ఇళ్లవారు మాత్రం నిలవలేదు.

లివియా తోటలో వేర్వేరు రుతువుల పూలు, పండ్లు ఒకేసారి కనిపిస్తాయి. వాడిపోని తోట కావాలన్నది మనిషి ఆశ. కానీ ఆ తోటలో ఒక్క మనిషీ లేడు.

తరువాతి శతాబ్దాల్లో ఇలాంటి పూలే రోములోని కాటకోంబుల్లో, అంటే విశ్వాసులు తమవారిని సమాధి చేసుకున్న సొరంగాల్లో కనిపిస్తాయి. అక్కడ పసిపిల్లల కోసం తొలిచిన చిన్నచిన్న గూళ్లు ఎన్నో! లోకస్థుల అలంకారం మనకెందుకని వారు అనుకోలేదు. పొరుగువారి ఇళ్లలో ఉన్న పూలదండలు, తీగలు, పక్షులనే తమ దుఃఖం మధ్య గీయించుకున్నారు. అయితే ప్రిస్కిల్లా కాటకోంబులోని 3వ శతాబ్దపు గదిలో తలెత్తి చూస్తే, కప్పు నడుమ, నెమళ్లు, పక్షుల మధ్య ఒకరు నిలబడి ఉన్నారు. భుజాల మీద ఒక జీవాన్ని మోస్తున్న కాపరి!

లివియా తోటకు, ఈ సమాధుల తోటకు తేడా అదే. పూలు రెండుచోట్లా రోమన్ల పూలే, సున్నమూ అదే. ఇక్కడ తోటలోకి కాపరి వచ్చాడు.

ఆత్మీయులను మట్టికి అప్పగించి వచ్చిన రోజు మన ఇల్లు కూడా సొరంగంలాగే ఉంటుంది. మనం సమాధి మీద ఉంచిన పూలు సాయంత్రానికి వాడిపోతాయి. వాడనివ్వండి. భుజాన ఎత్తుకున్నదాన్ని కాపరి మధ్యలో దించడు.