వీథి మూసి విందు చేయు విధము

న్యూయార్కు నగరమున ఒక వీథివారు తమ యిండ్ల ముందటి దారిని ఒకనాడు వాహనములకు మూసివేసి, బల్లలును కుర్చీలును బయట పఱచి, ఎవరింట వండినది వారు తెచ్చి, అందఱును కలిసి భుజింపవచ్చును; అందులకు నగరపాలకులు గైకొను దరఖాస్తు రుసుము 25 డాలర్లు. జానెడు నేలకు సైతము అద్దె లెక్కించు ఆ మహానగరమున ఇంత చౌకగా దొరకు స్థలము మఱియొకటి లేదేమో! అయితే ఆ చౌకదనముతో పాటు సంక్రమించు నిబంధనలను పరికించినచో, బ్లాక్ పార్టీ యని వారు వ్యవహరించు ఈ వీథివిందు కేవలము వినోదము గాదనియు, పొరుగువారు ఒకరి యనుమతి నొకరు వేడుటయే యందలి ప్రధానకార్యమనియు తోచును.

మొదటి ప్రపంచసంగ్రామకాలమున ఆ నగరపు తూర్పుభాగమందు, తమ వీథినుండి యుద్ధమునకు తరలిన యువకుల గౌరవార్థము జనులు దారి కడ్డముగ త్రాళ్లు కట్టి, దేశభక్తిగీతములు పాడి, ఊరేగింపులు జరుపుటతో ఈ ఆచారము మొదలయ్యెనని చెప్పుదురు. 1919లో ఇంగ్లండునందు సంధి కుదిరిన సంతోషమున బాలబాలికలకు వీథులలో తేనీటి విందులు జరిగినవి; 1945 మే నెలలో ఐరోపాయుద్ధము ముగిసినప్పుడు, చక్కెరయు వెన్నయు రేషనులో నున్న దినములలోనే, ఇల్లాండ్రు తమ తమ వంతులు పోగుచేసి పిల్లలకు విందులు పెట్టిరి. పారిస్ కథ వేఱు. అచ్చట ఒక వృద్ధురాలు తన యింట మరణించి నెలలు గడచినను ఇరుగుపొరుగువా రెఱుగకుండుట మనసును కలచివేయగా, అతనాజ్ పెరిఫాన్ అను స్థానికనాయకుడు 1999లో నగరపు 17వ వార్డున పొరుగువారి పండుగను నెలకొల్పెను; అది నేడు ఫ్రాన్సు ఎల్లలు దాటి ఇతరదేశములకును వ్యాపించినది. విజయోత్సాహమున పుట్టిన విందుల కంటె, సిగ్గున పుట్టిన ఈ విందే నాకు మిక్కిలి సార్థకముగ కనబడును.

ఇక న్యూయార్కువారి నిబంధనల సంగతి. దరఖాస్తు విందునాటికి కనీసము 60 దినముల ముందుగ చేరవలెను. ఎవరో యొక గృహస్థు తన కుమారుని జన్మదినమునకై వీథిని మూయింతునన్న చెల్లదు. ఆ వీథితో సంబంధముగల సంఘమొకటి పూచీ వహింపవలెను, స్థానికమైన కమ్యూనిటీ బోర్డు దానిని పరిశీలింపవలెను. ధ్వనివర్ధకము పెట్టదలచినచో పోలీసు ఠాణానుండి వేఱుగ అనుమతి పొందవలెను. వీథి నడుమ 15 అడుగుల వెడల్పున దారి ఎల్లవేళల ఖాళీగ నుండవలెను. అగ్నిమాపకశకటమో, రోగిని గొనిపోవు వాహనమో వచ్చినయెడల విందు పక్కకు తొలగవలసినదే కాని, వాహనము నిలువరాదు. బల్లలు పఱచువారు మొట్టమొదట కొలువవలసినది ఈ దారినే. మిగిలిన చోటే విందునకు చోటు. అన్నింటికంటె ముఖ్యమైన నియమ మొకటి కలదు: ఆ దినమున ఆ వీథిలో ఏ వస్తువును అమ్మకూడదు. అమ్మకము ప్రవేశించెనా, అది సంతయగును. సంతకు వేఱు చట్టము, వేఱు రుసుము. ఈ యొక్క నిషేధము వలననే వీథివిందు వర్తకుల చేతికి చిక్కక, వీథివారి చేతిలోనే నిలిచినదని నా విశ్వాసము.

ఎండ కాచునపుడు పిల్లలు దారిప్రక్కనుండు అగ్నిమాపకపు కొళాయిని తెఱచి జలక్రీడ లాడుట అచ్చట చిరకాలపు వేడుక. ఊరక తెఱచినచో దానినుండి నిమిషమునకు 1,000 గ్యాలనులకు పైగ నీరు వృథాగ పోవును. అందుచేత అగ్నిమాపకకేంద్రమువారే, 18 ఏండ్లు నిండినవారు వచ్చి అడిగినయెడల, రంధ్రములుగల మూత నొకదానిని ఉచితముగ బిగించి పోవుదురు. అప్పుడు వెలువడునది సుమారు 25 గ్యాలనులు మాత్రమే. పిల్లల ముచ్చటను కాదనక, నీటిని పోనీయక చేసిన యీ యేర్పాటు నన్నెంతయు ఆకర్షించినది. ఏదైనను వలదని బోర్డు కట్టుటలో మన నగరాధికారులు సిద్ధహస్తులే. ఇట్లు చేసికొమ్మని మూత యొకటి చేతికిచ్చు విద్య వారికింకను అలవడవలసి యున్నది.

హైదరాబాదు కాలనీలలో వీథికి అడ్డముగ షామియానా లేచుట మనకు క్రొత్త గాదు. వినాయకచవితికి మండపము, పెండ్లికి పందిరి, దశదినకర్మకు భోజనపు బల్లలు: రోడ్డును మన యింటి వసారాగ భావించుటలో మనము ఎవరికిని తీసిపోము. వినాయకమండపములకు పోలీసుల యనుమతి కోరవలసి యుండుటయు, 2000 సంవత్సరపు శబ్దకాలుష్య నియమములను బట్టి రాత్రి 10 గంటలనుండి ఉదయము 6 గంటల వరకు మైకులు మ్రోగరాదనుటయు, నివాసప్రాంతములలో పగలు 55, రాత్రి 45 డెసిబెల్సు పరిమితి యనుటయు కాగితముపై నున్నవే. కాని పోలీసుల నడుగుటకు సిద్ధపడువాడు ఎదురింటివాని నడుగుటకు సంశయించును. చందాపుస్తకము పట్టుకొని పోవుటయే పిలుపని తలంచును. చందా యిచ్చినవాడు ప్రేక్షకుడై కుర్చీలో కూర్చుండును, ఇయ్యనివాడు కిటికీ మూసికొనును. ఇరువురికిని పరిచయము పెరుగదు.

దీనికి విరుగుడు మన యింటనే కలదు. బతుకమ్మనాడు తెలంగాణ వనితలు ఎవరి బతుకమ్మను వారు పేర్చి, ఎవరి సత్తుపిండిని, మలీదను వారు చేసి తెచ్చి, నడుమ నుంచి ఆడి, చివర ఒకరి పళ్లెమునుండి ఒకరు ఫలహారము పంచుకొందురు. అందు క్యాటరింగు లేదు, ముఖ్యాతిథి లేడు, మాలలు వేయించుకొనువాడు లేడు. పారిస్‌వారు 1999లో కనిపెట్టినది మన అమ్మమ్మలకు అంతకు పూర్వమే తెలియును.

కావున కాలనీలో వీథివిందు తలపెట్టువారు, ఊరేగింపును కాక బతుకమ్మను పోలిన పద్ధతి నవలంబించుట మేలు. మొదట నలుగురు చేరి ఒక తుండు దారిని మాత్రము ఎన్నుకొనవలెను. ప్రధానమార్గమును, బస్సు తిరుగు దారిని ముట్టరాదు. పిదప ఇంటింటికి పోవలెను. వాట్సాప్ సందేశము చాలదు. అది అందఱకును చేరును, ఎవరిని పిలిచినట్లును ఉండదు. రాత్రి కొలువు చేసి పగలు నిద్రించు నర్సు, పరీక్షలకు చదువుకొను బాలుడు, మంచము పట్టిన వృద్ధుడు, తన బండి నెచ్చట నిలుపుదునని గొణుగు పెద్దమనిషి — వీరి యిండ్లకు ముందుగ పోవలెను. వచ్చుటకు సిద్ధముగ నున్నవారికి మర్నాడు చెప్పినను చాలును. కూరలెవరు, పులిహోర యెవరు, పెరుగన్న మెవరు అని ఒక కాగితమున వ్రాసికొననిచో పదునాలుగు గిన్నెల పులిహోర వచ్చుట తథ్యము. స్టీలు పళ్లెములు ఎవరివి వారు తెచ్చుకొన్నచో, మఱునాటి యుదయము పారిశుద్ధ్యకార్మికురాలికి ఆ వీథిలో అదనపు చాకిరి యుండదు. ఆమెను సైతము విందునకు పిలుచుట ధర్మము.

ఇక ముహూర్తము. పశ్చిమదేశములవారి మే నెల మనకు పనికిరాదు. మన యెండకు పులిహోర గాక మనుష్యులే పులియుదురు. కార్తికమాసపు ఆదివారము సాయంకాలము సర్వవిధముల యోగ్యము. అయితే ఆ నెలలో కులసంఘములవారును, కార్యాలయములవారును వనభోజనములకు బస్సులు కట్టించుకొని పోవుచుందురు గనుక, వీథిలో మిగులు వారెందఱో ముందుగ విచారించి మఱీ తేదీ నిర్ణయింపవలెను.