పాము కరిస్తే ఒక రోజు మంచం

ఖానాపూర్ చుట్టూ సదర్మట్ కాలువ కింద వరి మళ్లు, కవ్వాల్ అడవి అంచున పత్తి చేలు. వానకాలం వచ్చిందంటే "ఏదో కరిచింది సారూ" అంటూ దవాఖానకు పరుగెత్తుకొచ్చే ప్రాంతం ఇది. వచ్చిన మనిషి బాగానే మాట్లాడుతుంటాడు, కాలి మీద చిన్న గీత తప్ప ఏమీ కనిపించదు. అతణ్ని ఇంటికి పంపాలా, విరుగుడు సూది వేయాలా, నిర్మల్ పెద్దాసుపత్రికి రాసివ్వాలా? చాలాసార్లు ఈ మూడూ సరైనవి కావు. ఎమర్జెన్సీ పక్కనే మంచం ఇచ్చి 24 గంటలు కనిపెట్టుకొని ఉండడమే సరైన వైద్యం. "ఊకెనే పండవెట్టిండ్రు, ఒక్క సూదన్న ఇయ్యలే" అని చుట్టాలు కోప్పడేది కూడా అప్పుడే.

కరిచిన పాముల్లో విషం లేనివే ఎక్కువ. విషప్పాము కూడా ప్రతిసారీ విషం దించదు. విరుగుడు మందేమో గుర్రాల రక్తం నుంచి తీసేది. కొందరికి అది పడక బీపీ పడిపోతుంది, ఊపిరి ఆడదు. అందుకే విషం ఎక్కిన గుర్తు కనబడితేనే వేస్తారు. ఆ గుర్తులు బయటపడడానికి గంటలు పట్టొచ్చు.

కట్లపామును చూడండి. రాత్రిపూట నేల మీద పడుకున్నవాళ్లను కరుస్తుంది. నొప్పి ఉండదు, గాటు కూడా దొరకకపోవచ్చు. కొందరు తెల్లవారుజామున కడుపునొప్పితో వస్తారు. ఆ తర్వాత రెప్పలు వాలతాయి, మాట ముద్దగా వస్తుంది, చివరికి ఊపిరి తీసే కండరాలు చచ్చుబడతాయి. అందుకే వార్డులో సిస్టరు మాటిమాటికీ వచ్చి "పైకి చూడు, తల ఎత్తు" అంటుంది. దిండు మీంచి తల లేవడం లేదంటే విషం పనిచేస్తున్నట్టే.

రక్తపింజర తీరు వేరు. దాని విషం రక్తాన్ని గడ్డకట్టనివ్వదు. దీన్ని పట్టుకునే పరీక్షకు పెద్ద యంత్రమేదీ అక్కర్లేదు. శుభ్రమైన, పొడి గాజు ట్యూబులో 2 మిల్లీలీటర్ల రక్తం పోసి, 20 నిమిషాలు కదపకుండా ఉంచి, ఒకసారి వంచి చూస్తారు. అప్పటికీ నీళ్లలా కారితే విరుగుడు మొదలుపెట్టాలి. ట్యూబు గాజుదే అయి ఉండాలి, ఎందుకంటే గడ్డకట్టే పనిని మొదలుపెట్టించేది గాజు తాకిడే. ప్లాస్టిక్ ట్యూబయినా, సబ్బుపొడితో కడిగినదైనా మంచి రక్తం కూడా గడ్డకట్టక మోసం చేస్తుంది. ఒకసారి బాగుందని వదిలేయకూడదు. మొదట్లో గంట గంటకూ, తర్వాత ఎడం పెంచి, రోజంతా చూడాలి. కాలికి తాడు బిగించుకొని వచ్చినవాళ్ల విషయంలో మరీ జాగ్రత్త. కట్టు విప్పాకే విషం ఒక్కసారిగా ఒళ్లంతా పాకవచ్చు.

గుండెనొప్పితో వచ్చి మొదటి ఈసీజీ బాగున్నవాళ్లకూ, బండి మీంచి పడి తలకు దెబ్బ తగిలినవాళ్లకూ ఇలాంటి మంచమే కావాలి. పెద్ద నగరాల ఆస్పత్రులు ఇందుకు విడిగా అబ్జర్వేషన్ వార్డులు పెట్టుకున్నాయి. నన్నడిగితే వాటి అవసరం నగరాలకన్నా అడవి అంచునున్న ఊళ్లకే ఎక్కువ. 2000 నుంచి 2019 దాకా దేశంలో పాముకాటుతో ఏటా సగటున 58,000 మంది చనిపోయారని 2020లో వెలువడిన అధ్యయనం లెక్కగట్టింది. వాళ్లలో దాదాపు అందరూ పల్లెవాళ్లే. 2005లో 108 బండి వచ్చాక దవాఖాన చేరడం సులువైంది. చేరాక ఆ రోజంతా చూసే మనిషి కూడా ఉండాలి. నాలుగు మంచాలు, రాత్రంతా మెలకువగా ఉండే ఒక సిస్టరు, గాజు ట్యూబులు, ఆక్సిజన్, ఊపిరి అందించే చేతిసంచి, ఫ్రిజ్‌లో విరుగుడు ఉంటే చిన్న దవాఖానలోనూ ఇది సాగుతుంది. ఊపిరి తగ్గుతోందని తెలియగానే, ఇంకా మాట్లాడుతుండగానే మనిషిని నిర్మల్ బండెక్కించవచ్చు.

పక్కన కూర్చున్న చుట్టాలకూ పనుంది. ఇప్పుడు బాగానే ఉన్నాడని రాత్రికి రాత్రే ఇంటికి తీసుకుపోవద్దు. నిద్రపోతే మధ్యమధ్యలో లేపి మాట్లాడించండి. మింగడం కష్టమైనా, చిగుళ్లలోంచి రక్తం వచ్చినా, మూత్రం ఎర్రగా పోసినా డాక్టరు రౌండుకు వచ్చేదాకా ఆగకుండా వెంటనే సిస్టరును పిలవండి.