పెనుకొండ వైద్య కళాశాల ఎవరి కోసం?

ప్రభుత్వ వైద్యాన్ని ప్రైవేటుకు అప్పగించవచ్చునా అన్న చర్చ మన రాష్ట్రంలో పార్టీల చుట్టూ, కోట్ల లెక్కల చుట్టూ తిరుగుతోంది. ఎవరి హయాంలో ఎన్ని పునాదులు లేచాయన్నదే ప్రశ్న అవుతోంది. ఆ ఆసుపత్రిలో ఎవరు వైద్యులవుతారు, ఎవరు నర్సులవుతారు, ఎవరు ఊడ్చేవారుగా మిగిలిపోతారు అన్న ప్రశ్న మాత్రం అరుదుగా వినిపిస్తోంది. అనంతపురం కరువు నేల మీద ఒక మాదిగవాడలో పుట్టి, రిజర్వేషన్‌తో చదువుకుని, నేడు విశ్వవిద్యాలయంలో పాఠం చెబుతున్నవాడిగా ఆ ప్రశ్నను ఇక్కడ అడగదలిచాను.

గత ప్రభుత్వం 17 కొత్త ప్రభుత్వ వైద్య కళాశాలలను తలపెట్టింది. వాటిలో విజయనగరం, రాజమహేంద్రవరం, ఏలూరు, మచిలీపట్నం, నంద్యాల కళాశాలలు 2023-24లో ప్రారంభమయ్యాయి. 2025 సెప్టెంబరులో ప్రస్తుత మంత్రివర్గం మిగిలినవాటిలో పదింటిని పీపీపీ పద్ధతికి అప్పగించాలని నిర్ణయించింది. మా పెనుకొండ ఆ పదింటిలో ఒకటి. మొదటి విడతకు ఎంచుకున్నవి ఆదోని, మదనపల్లె, మార్కాపురం, పులివెందుల. నాలుగూ వానను నమ్ముకుని బతికే మెట్ట ప్రాంతాలే. డబ్బు చెల్లించగల రోగి ఎక్కడ తక్కువో, పెట్టుబడిదారును అక్కడికే ముందుగా పిలుస్తున్నాం.

యాజమాన్యం ప్రభుత్వానిదే, నిర్వహణ మాత్రమే ప్రైవేటుదని పాలకులు చెబుతున్నారు. పేదలకు ఉచిత వైద్యం అందుతుందని, ఖజానాపై భారం తగ్గి కళాశాలలు త్వరగా పూర్తవుతాయని వాదిస్తున్నారు. ఈ వాదనను తేలికగా కొట్టిపారేయలేం. ఒకే మంచం మీద ఇద్దరు రోగులు, ఖాళీగా ఉన్న వైద్యుల పోస్టులు, బయటికి రాసిచ్చే మందుల చీటీలు మనకు తెలియనివి కావు. ప్రభుత్వ ఆసుపత్రిలో గసురుడు పడనివారు మా వాడలో లేరు.

అయినా ఒక ఇంటి సంగతి చెప్పాలి. కొన్నేళ్ల కిందట వేరుశనగ చేలో పనిచేస్తూ మా పెద్దనాయన గుండెనొప్పితో కూలబడ్డాడు. కార్డు ఉంది కదా అని ముందు ఒక ప్రైవేటు ఆసుపత్రికి తీసుకెళ్లాం. కార్డు ఆపరేషన్‌కే వర్తిస్తుందని, ముందు చేసే పరీక్షలకు డబ్బు కట్టాలని అన్నారు. రెండు ఎద్దులు అమ్మి కట్టాం. చివరికి ఆపరేషన్ అవసరం లేదని తేలింది, కాబట్టి కార్డు దేనికీ పనికిరాలేదు. ఆ తర్వాత మందులకు, పరీక్షలకు ప్రభుత్వ ఆసుపత్రికే తిరిగాం. అక్కడ కేసు షీటు రాసిన యువ వైద్యుడిది మా పక్క ఊరి దళితవాడ. మా పెద్దనాయనను ‘పెద్దాయనా’ అని పిలిచి, చెయ్యి పట్టుకుని నాడి చూశాడు. ప్రైవేటు ఆసుపత్రిలోనూ మా వాడ మనిషి ఒకామె కనిపించింది. ఆమె చేతిలో చీపురు ఉంది.

ఈ తేడా వ్యక్తుల మంచితనం వల్ల వచ్చింది కాదు. రాజ్యాంగంలోని 16(4) అధికరణ వల్ల వచ్చింది. ఆ అధికరణ ప్రభుత్వ కొలువులకే వర్తిస్తుంది. నిర్వహణ చేతులు మారిన రోజున వైద్యుడు, నర్సు, ల్యాబ్ టెక్నీషియన్ ఉద్యోగాలకు రోస్టర్ ఉండదు. పారిశుధ్యం పనిలో మాత్రం మనవాళ్లే ఉంటారు, దానికి రోస్టర్ అక్కరలేదు.

సీట్ల అమ్మకం ఈ ప్రభుత్వంతోనే మొదలు కాలేదన్నదీ నిజమే. 2023 జులైలో గత ప్రభుత్వం జారీ చేసిన 107, 108 జీవోలు కొత్త ప్రభుత్వ కళాశాలల్లో రాష్ట్ర కోటా సీట్లను మూడు ముక్కలు చేశాయి. సగం సీట్లకు ఏడాదికి 15,000 రూపాయల ఫీజు. 35 శాతం సీట్లకు 12 లక్షలు. 15 శాతం ఎన్నారై సీట్లకు 20 లక్షలు. ఉపాధి హామీ కూలి రోజుకు సుమారు 300 రూపాయలు. ఏటా వంద రోజుల పనీ దొరికినా, 12 లక్షలు సంపాదించడానికి ఒక కూలికి 40 ఏళ్లు పడుతుంది. అదీ ఒక్క ఏడాది ఫీజు. నేడు పీపీపీని వ్యతిరేకిస్తున్నవారు నాడు వేసిన దారి ఇది. ఇద్దరినీ ప్రశ్నించకపోతే దళిత, బహుజన విద్యార్థులు ఎవరో ఒకరి జెండా మోయడానికే పరిమితమవుతారు.

డబ్బు లేదన్న మాటకూ మన జిల్లా అనుభవమే జవాబు చెబుతుంది. 2007 ఏప్రిల్ 1న ఆరోగ్యశ్రీ మొదలైన మూడు జిల్లాల్లో అనంతపురం ఒకటి. మహబూబ్‌నగర్, శ్రీకాకుళం మిగతా రెండు. ఆ పథకం ఎందరి ప్రాణాలో నిలిపింది, కాదనను. కానీ ప్రజాధనం ప్రైవేటు ఆసుపత్రులకు ప్రవహించే కాలువ కూడా అదే అయింది. 2025 అక్టోబరులో బకాయిలు చెల్లించలేదంటూ నెట్‌వర్క్ ఆసుపత్రులు సేవలు ఆపేసినప్పుడు కార్డు చేతిలో పట్టుకున్న పేదవాడు గుమ్మంలోనే ఆగాడు. పీపీపీలోనూ ఉచిత రోగి బిల్లు ప్రభుత్వమే కట్టాలి. ఖర్చు తప్పడం లేదు, అదుపు మాత్రమే తప్పుతోంది. పైగా పాముకాటు, క్షయ, గర్భిణుల రక్తహీనత వంటి మా నేల జబ్బులు ఎవరికీ లాభం తెచ్చేవి కావు.

కాబట్టి మూడు డిమాండ్లు ముందుకు రావాలి. పెనుకొండతో సహా పది కళాశాలలనూ ప్రభుత్వమే పూర్తి చేసి, ప్రభుత్వమే నడపాలి. 12 లక్షలు, 20 లక్షల సీట్లను రద్దు చేసి, ప్రతి సీటునూ రిజర్వేషన్ పరిధిలోకి తేవాలి. ఖాళీ పోస్టులను రోస్టర్ ప్రకారం శాశ్వత నియామకాలతో నింపాలి, పారిశుధ్య కార్మికులను కాంట్రాక్టు నుంచి విడిపించాలి.

ఇవేవీ కుదరవంటే, ఒప్పంద పత్రాన్ని మా ముందు పెట్టండి. అందులో ప్రతి సీటుకూ, ప్రతి ఉద్యోగానికీ రిజర్వేషన్ వర్తిస్తుందన్న ఒక్క వాక్యం రాయడానికి ఏ భాగస్వామి ఒప్పుకుంటాడో చూద్దాం.