మీకు తెలుసా? ఒక్క రోజులో బ్యాంకాక్

1782లో మొదటి రాముడనే రాజు రాజధానిగా చేసుకున్న పాత బ్యాంకాక్ చావో ఫ్రాయా నది ఒడ్డునే ఉంది. ముఖ్యమైన మూడు ఆలయాలూ దగ్గరదగ్గరే. పొద్దున్నే బయల్దేరితే సాయంత్రానికి తీరిగ్గా చూసేయొచ్చు.

• గ్రాండ్ ప్యాలెస్‌లోని గుడిలో ఉన్న ‘మరకత బుద్ధుడు’ నిజానికి మరకతం కాదు, ఆకుపచ్చని మరో రాయి. ఎండాకాలం, వానాకాలం, చలికాలం మొదలైనప్పుడల్లా ఆయనకు స్వర్ణవస్త్రాలు మార్చే ఆచారం ఉంది. ఆ పని సాధారణంగా రాజే చేస్తాడు.

• ఆ గుడి చుట్టూ గోడలపై 178 చిత్రాల్లో రామాయణం కనిపిస్తుంది. థాయ్ కథలో హనుమంతుడు బ్రహ్మచారి కాదు! రావణుడి కూతురైన మత్స్యకన్యను ప్రేమించి, కొడుకును కూడా కంటాడు.

• వాట్ ఫోలో శయన బుద్ధుడి పొడవు 46 మీటర్లు. పాదాల మీద ముత్యపు చిప్పలతో 108 శుభచిహ్నాలు పొదిగారు. విగ్రహం వెనక వరసగా 108 కంచు పాత్రలుంటాయి. భక్తులు ఒక్కోదాంట్లో ఒక్కో నాణెం వేస్తూ పోతుంటే హాలంతా ఖంగుఖంగుమంటుంది.

• అక్కడి నుంచి పడవలో నది దాటితే వాట్ అరుణ్. గోపురం మీది పువ్వులన్నీ చైనా పింగాణీ ముక్కలే.

గుర్తుంచుకోండి: నిక్కర్లు, చేతుల్లేని చొక్కాలతో ప్యాలెస్‌లోకి రానివ్వరు. దారిలో ఎవరైనా ‘ఈరోజు ప్యాలెస్ సెలవు’ అని ఆటో ఎక్కించబోతే నమ్మకండి. గేటు దాకా వెళ్లి మీరే కనుక్కోండి.