ఒళ్ళో వాద్యం, ఎదుట మైకు
(స్త్రీల కార్యక్రమంలో ప్రసారమైన ప్రసంగం)



మన ఇళ్ళల్లో పాడేవాళ్ళకు కొదవ లేదు. పేరంటంలో "ఒక్క పాటైనా పాడవమ్మా" అంటే చక్కగా గొంతు సవరించుకుని పాడతారు. అదే మనిషిని నలుగురున్న హాల్లో మైకు ముందు నిలబెట్టి చూడండి! ఒకావిడ గొంతు అసలు వినిపించదు, ఇంకొకావిడ అరుస్తుంది. ఇంట్లో విన్న తీపి ఎక్కడికి పోయిందో తెలియదు. ఈ ఇబ్బంది మనుషులకే కాదు, కొన్ని వాద్యాలకూ ఉంది. అలాంటి వాద్యం ఒకదాన్ని గురించి ఈవేళ చెప్పుకుందాం. దాని పేరు డల్సిమర్.

కిందటేడు మా అక్కయ్య కూతురి పురిటికని అమెరికాలోని కెంటకీ రాష్ట్రం వెళ్ళాను. వాళ్ళుండేది లెక్సింగ్టన్ అనే ఊళ్ళో. పక్కింట్లో డెబ్బయ్యేళ్ళు దాటిన పెద్దావిడ ఒంటరిగా ఉండేది. ఆవిడ పుట్టిల్లు ఆ రాష్ట్రానికి తూర్పున ఉన్న కొండల్లో. సాయంత్రం పూట వరండాలో కూర్చుని, సన్నని పొడుగాటి చెక్క వాద్యమొకటి ఒళ్ళో అడ్డంగా పెట్టుకుని మీటుతూ ఉండేది. మా పసిదాన్ని ఎత్తుకుని పిట్టగోడ దగ్గర నిలబడితే చాలు, ఏడుస్తున్న పిల్ల టక్కున ఊరుకునేది. అలా మొదలైంది మా స్నేహం.

డల్సిమర్ అనే మాటకు తియ్యని నాదం అని అర్థం. లాటిన్, గ్రీకు మాటలు కలిసి పుట్టిన పేరిది. ఇదే పేరుతో, మన సంతూర్ లాగా పుల్లలతో కొట్టి వాయించే వాద్యం మరొకటుంది. అది వేరు, ఇది వేరు. అమెరికా తూర్పు భాగంలో అపలాచియన్ కొండలని పెద్ద వరస ఉంది. ఈ ఒడి వాద్యం ఆ కొండల్లో పుట్టింది గనుక దీన్ని కొండల డల్సిమర్ అంటారు. జర్మనీ నుంచి వలస వచ్చినవాళ్ళు షైట్‌హోల్ట్ అనే తీగల వాద్యాన్ని వెంట తెచ్చుకున్నారు. దాన్ని చూసి, ఇంగ్లండు, స్కాట్లండు, ఐర్లండుల నుంచి వచ్చి కొండల్లో కాపురాలు పెట్టినవాళ్ళు తమ పాటలకు అనువుగా మార్చుకున్నదే ఈ డల్సిమర్.

ఇది ఇంటి వాద్యం. కచేరీలు లేవు, సభలు లేవు. చలికాలం పొయ్యి దగ్గర ఇంటిల్లిపాదీ చేరినప్పుడు ఒకరు వాయిస్తే మిగతావాళ్ళు పాడేవారు. ఒకే పెట్టె మీద ఇటొకరు అటొకరు ఎదురెదురుగా కూర్చుని వాయించే జంట డల్సిమర్ కూడా ఉంది. పెళ్ళి కుదిరిన పిల్లా పిల్లాడూ దాన్ని వాయిస్తూంటే, రెండు వైపుల నుంచీ తీగలు మోగినంతసేపూ పక్కగదిలో పెద్దవాళ్ళు నిశ్చింతగా ఉండేవారట! కథో నిజమో గాని, ఏ దేశంలోనైనా పెద్దవాళ్ళు పెద్దవాళ్ళేనని నవ్వుకున్నాను.

కెంటకీలో నాట్ కౌంటీ అనే ప్రాంతానికి చెందిన జేమ్స్ ఎడ్వర్డ్ థామస్ (1850–1933) అనే వడ్రంగి 1871 నుంచి ఈ వాద్యాలు చెయ్యడం మొదలుపెట్టి జీవితకాలంలో పదిహేను వందల దాకా చేశాడు. వాటిని తోపుడు బండిలో వేసుకుని కొండదారుల వెంట ఊరూరా తిరిగి అమ్మేవాడు. నడుము దగ్గర సన్నబడే ఆకారం, పైచెక్క మీద గుండె బొమ్మలాంటి చిల్లులు ఆయన పనికి గుర్తు.

ఆ కొండల నుంచే వచ్చింది జీన్ రిచీ (1922–2015). వైపర్ అనే చిన్న ఊళ్ళో పధ్నాలుగుమంది పిల్లల్లో ఆఖరిది. తండ్రి డల్సిమర్‌ని పిల్లలెవ్వరినీ ముట్టుకోనిచ్చేవాడు కాదు. ఈ పిల్ల ఎవరూ చూడకుండా వెళ్ళి మీటుకుంటూ తనంతట తనే పాట పట్టేసింది. చివరికి తండ్రే కూర్చోబెట్టి నేర్పక తప్పలేదు. చదువు ముగిశాక న్యూయార్క్ నగరం వెళ్ళి, అక్కడి పిల్లలకు తన ఇంటి పాటలు నేర్పుతూ, ఈ వాద్యాన్ని దేశమంతటికీ పరిచయం చేసింది. ఆ పాటల మూలాలు వెతుక్కుంటూ 1952లో ఫుల్‌బ్రైట్ వేతనం మీద బ్రిటన్, ఐర్లండులు తిరిగింది. 1963లో డల్సిమర్ నేర్చుకునేవాళ్ళ కోసం పుస్తకం రాసింది. ముట్టుకోవద్దన్న వస్తువును లోకానికి చేర్చింది ఆ ఇంటి ఆఖరి ఆడపిల్లే! 2001లో కెంటకీ ప్రభుత్వం డల్సిమర్‌ని రాష్ట్ర వాద్యంగా ప్రకటించింది.

ఇక వాయించే తీరు. వీణ నేర్చుకున్నవాళ్ళకు ఇది ఇట్టే అర్థమవుతుంది. పొడుగు మూడడుగులకు కాస్త లోపు. పెట్టె నడిమధ్యన ఈ చివర నుంచి ఆ చివర దాకా సన్నని దండి, దాని మీద మెట్లు. తీగలు మూడు. పాట పలికించే తీగను కొందరు జంటగా వేస్తారు, అప్పుడు నాలుగు. పాట తీగ మనకు దగ్గరగా ఉంటుంది. తక్కినవి ఎప్పుడూ శ్రుతి పలుకుతూ ఉంటాయి. తంబురా, వీణా ఒకే పెట్టెలో కాపురం పెట్టాయనుకోండి!

చేతులు లేని కుర్చీలో కూర్చుని, బిరడాలు ఎడమ వైపుకు వచ్చేలా ఒళ్ళో పెట్టుకోవాలి. ఎడమచేత్తో చిన్న వెదురు పుల్లనో కర్రపుల్లనో పాట తీగ మీద ఆనించి జరుపుతూ పోవాలి. పుల్ల సరిగ్గా మెట్టు మీద కాకుండా, మెట్టుకు ఎడమ పక్కన ఆనితే స్వరం శుభ్రంగా పలుకుతుంది. కుడిచేత్తో తీగలన్నిటినీ కలిపి మీటాలి. పూర్వం దీనికి టర్కీ కోడి ఈకో బాతు ఈకో వాడేవారు. ఇప్పుడు చాలామంది పుల్ల మానేసి వేళ్ళతోనే నొక్కుతున్నారు.

మెట్లలో ఒక చిత్రం ఉంది. వీణ మీద స్థాయికి పన్నెండు స్వరస్థానాలుంటాయి కదా. డల్సిమర్ మీద ఏడే. హార్మోనియంలో నల్లమెట్లు తీసేసి తెల్లవి మాత్రం ఉంచినట్టు! అందుకే అపస్వరం పడే భయం తక్కువ. మరి వేరే రాగం కావాలంటే? మెట్లు కదలవు గనుక శ్రుతి మార్చి, షడ్జం వేరే మెట్టు మీదికి తెచ్చుకుంటారు. మన గ్రహభేదం సూత్రమే. మూడో మెట్టును షడ్జం చేసుకుంటే శంకరాభరణం మెట్లు వస్తాయి. వట్టి తీగను షడ్జం చేసుకుంటే హరికాంభోజి, ఒకటో మెట్టు నుంచి మొదలుపెడితే నటభైరవి. గమకాలు మనలా ఉండవు, స్వరాల వరస మాత్రం అదే. ఈ కాలపు వాద్యాలకు ఆరుకూ ఏడుకూ మధ్య అదనపు మెట్టొకటి వేస్తున్నారు. దాన్ని ఆరున్నరో మెట్టు అంటారు! దానితో కాకలి నిషాదం దొరికి, వట్టి తీగ నుంచే శంకరాభరణం పలుకుతుంది.

ఇంత చక్కని వాద్యానికి గొంతు ఎందుకు చిన్నదో చూడండి. గిటారులో తీగల కదలిక గుర్రం మీదుగా పల్చటి పైచెక్కకు చేరి, ఆ చెక్కంతా స్వేచ్ఛగా ఊగుతుంది. డల్సిమర్‌లో పైచెక్క నడుమంతా దండిని అతికించేస్తారు. వీపున కర్ర కట్టిన మనిషిలాగా చెక్క బిగుసుకుపోతుంది. పెట్టె ఎత్తు కూడా రెండంగుళాల పైచిలుకే. పైగా అడుగుచెక్క మన తొడలకు ఆని ఉంటుంది గనుక అదీ మోగదు. కాళ్ళున్న చిన్న పలక ఒళ్ళో పెట్టుకుని, దానిమీద వాద్యం పెడితే అడుగుచెక్క కూడా కదిలి నాదం కొంత పెరుగుతుంది. వట్టి టేబులు మీద పెట్టి వాయించినా తేడా తెలుస్తుంది. కరెంటు అక్కర్లేని మొదటి ఉపాయం ఇది.

ఇప్పుడు అసలు కథ. వాళ్ళ పేటలో వసంతకాలం విందుకు మా పెద్దావిడను వాయించమన్నారు. హాల్లో ఎనభైమంది ఉంటారు. మూడో వరస దాటి ఏమీ వినిపించలేదు. వెనక కబుర్లు మొదలయ్యాయి, కుర్చీలు జరిగాయి. ఆవిడ పాట సగంలో ఆపేసి వచ్చి కూర్చుంది. నెల తర్వాత మళ్ళీ పిలిచారు. ఈసారి మనవడు అంటించే మైకు ఒకటి కొనుక్కొచ్చి వాద్యానికి తగిలించాడు. మీటీ మీటకముందే హాలంతా కుయ్యిమని కూత! చంటిపిల్లలు ఏడుపు లంకించుకున్నారు. "ఇది ఇంట్లో మోగడానికి పుట్టింది, ఇంట్లోనే ఉండనీ" అని ఆవిడ వాద్యాన్ని సంచీలో పెట్టేసింది. వారం రోజులు వరండాలో కూడా వినిపించలేదు. మా పిల్లేమో ఏడుపు!

రేడియోలో మాట్లాడే మనిషిని కదా, మైకంటే నాకు కాస్త పరిచయం ఉంది. మా అమ్మాయి, ఆ మనవడు, నేను కూర్చుని తెలిసినవాళ్ళను అడిగి సంగతులు తెలుసుకున్నాం. అవి మీకూ చెబుతాను.

డల్సిమర్ గొంతు పెంచడానికి మూడు దారులు. మొదటిది, స్టాండు మీద మంచి కండెన్సర్ మైకు పెట్టడం. జానెడు దూరంలో, మీటే చోటికి తిన్నగా కాకుండా, పెట్టె మధ్యభాగం వైపు తిప్పి పెట్టాలి. తిన్నగా పెడితే ఈక గీసుకునే చప్పుడే ఎక్కువ వినిపిస్తుంది. నాదం సహజంగా వచ్చేది ఈ పద్ధతిలోనే. కాని చుట్టూ ఉన్న చప్పుళ్ళు కూడా దూరతాయి, మనిషి కదలకుండా కూర్చోవాలి.

రెండోది, వాద్యానికే అంటించే కాంటాక్ట్ మైకు. కొన్ని స్ఫటికాలను నొక్కితే విద్యుత్తు పుడుతుందని 1880లో ఫ్రాన్సులో క్యూరీ సోదరులు కనిపెట్టారు. ఆ సూత్రం మీద పనిచేసే బిళ్ళ ఇది, రూపాయి కాసంత ఉంటుంది. గుర్రం దగ్గర చెక్కకు అంటిస్తే, చెక్క అదురును కరెంటుగా మారుస్తుంది. దీన్ని నేరుగా యాంప్లిఫయరుకు కలిపితే గొంతు సన్నగా, రేకు డబ్బాలా పలుకుతుంది. మధ్యలో ప్రీయాంప్లిఫయరు అనే చిన్న పెట్టె ఉండాలి. ఇది గాలిలో చప్పుడును పెద్దగా పట్టించుకోదుగాని, చెక్కకు తగిలిందల్లా వినిపిస్తుంది. గాజులు, గడియారం, కోటు గుండీ, అన్నీ! వాయించే ముందు కుడిచేతి గాజులు తీసి పక్కన పెట్టాల్సిందే.

మూడోది, ఎలక్ట్రిక్ గిటారులో మాదిరి అయస్కాంతపు పికప్. ఉక్కు తీగల కదలికనే పట్టుకుంటుంది గనుక కూత తక్కువ, పెద్ద వేదికలకు పనికొస్తుంది. కాని చెక్క తియ్యదనం చాలావరకు పోయి, ఎలక్ట్రిక్ గిటారు ఛాయ వస్తుంది.

ఇక ఆ కూత ఎందుకొస్తుంది? స్పీకరులోంచి వచ్చిన శబ్దం మళ్ళీ వాద్యం పొట్టకు తగిలి దాన్ని అదిరిస్తుంది. ఆ అదురును మైకు మళ్ళీ స్పీకరుకు పంపుతుంది. అది ఇంకా పెద్దదై తిరిగి వస్తుంది. అత్త మాట కోడలికీ, కోడలి మాట అత్తకీ మోసే పనిమనిషి లాంటి వ్యవహారం, తిరిగినకొద్దీ పెరుగుతుంది! డల్సిమర్‌కు ఈ బెడద మరీ ఎక్కువ. శ్రుతి తీగలు ఆగకుండా మోగుతూనే ఉంటాయి గదా, ఆ స్వరం పెట్టె సహజంగా మోగే స్వరానికి దగ్గరైతే కూత అక్కడే పట్టుకుంటుంది.

దీనికి మందులు కూడా ఉన్నాయి. స్పీకరు వాయించేవాళ్ళ వెనక ఉండకూడదు. ముందు ఉండి, సభ వైపు తిరిగి ఉండాలి. మా పెద్దావిడకు సరిగ్గా వీపు వెనకే పెట్టారు! బేస్ తగ్గించాలి. గుండె చిల్లుల్లో మెత్తని స్పాంజి ముక్క పెడితే పొట్ట అదురు తగ్గుతుంది. అన్నిటికంటే ముఖ్యం, వాల్యూం అవసరమైనంతే పెంచడం. హాల్లో ఆఖరి వరసకు వినిపిస్తే చాలు, రోడ్డు మీదికి వినిపించనక్కర్లేదు.

ఇవన్నీ సర్దాక మరొక చిక్కు మిగిలింది. మొదటిసారి ఎవరికీ వినిపించలేదన్న బెంగతో ఆవిడ తీగల్ని గట్టిగా బాదడం మొదలుపెట్టింది. గట్టిగా మీటితే తీగ మెట్టుకు తగిలి గరగరలాడుతుంది, శ్రుతి కూడా కాస్త పైకి పోతుంది. నేను మొదటిసారి స్టూడియోలో కూర్చున్నప్పుడు కూడా అంతే, ఊరందరికీ వినిపించాలని అరిచాను. అక్కడి పెద్దాయన, "అమ్మా, అరవకండి. వినేది ఒక్క మనిషే, వంటింట్లో మీ ఎదురుగా కూర్చుని ఉందనుకోండి. దూరం సంగతి మైకు చూసుకుంటుంది" అన్నారు. ఆ మాటే మా అమ్మాయి చేత ఆవిడకు ఇంగ్లీషులో చెప్పించాను. ఆవిడ కాసేపు ఆలోచించి, "అయితే మీ పిల్లకు వాయించినట్టు వాయిస్తాను" అంది.

అలాగే వాయించింది. వేసవిలో జరిగిన కూడికలో, అదే హాల్లో, మెల్లగా, వరండాలో వాయించినట్టే. ఆఖరి వరసలో పిల్లను ఎత్తుకుని నిలబడ్డాను. ఈక తీగ మీద జారే సవ్వడి కూడా వినిపించింది. ఈసారి కుర్చీలు కదలలేదు. తర్వాత ఇద్దరు ఆడపిల్లలు వచ్చి తమకు నేర్పుతారా అని అడిగారు. ఇప్పుడు శనివారాలు వాళ్ళు ఆవిడ వరండాకు వస్తున్నారని మా అమ్మాయి ఫోనులో చెప్పింది.

ఈ వాద్యం పెద్ద లోకంలోకి వెళ్ళిందీ ఇలాగే. 1966లో రోలింగ్ స్టోన్స్ బృందం పాటలో బ్రయన్ జోన్స్ వాయించాడు. 1971లో వచ్చిన 'బ్లూ' ఆల్బంలో గాయని జోనీ మిచెల్ వాయించింది. రికార్డింగులో మైకు దగ్గరగా ఉంటుంది గనుక, వాద్యం తన గొంతు మార్చుకోకుండానే కోట్లమంది చెవులకు చేరింది.

మన ఇళ్ళల్లోనూ బీరువా పక్కన గుడ్డ కప్పుకుని కూర్చున్న వీణలు ఎన్ని లేవు! "ఈ చిన్న నాదం ఎవరికి వినిపిస్తుందిలే" అని వదిలేసినవే చాలా. మన వీణ విద్వాంసులు కూడా కాంటాక్ట్ మైకు వాడుతూనే ఉన్నారు. పైన చెప్పిన జాగ్రత్తలు వాటికీ వర్తిస్తాయి. మైకు దూరాన్ని దగ్గర చేస్తుంది, అంతే. తీపి మాత్రం మీటే చేతిలోంచే రావాలి. కాబట్టి ఆ గుడ్డ ఒకసారి తీసి, తీగలు సవరించి చూడండి. ముందు ఇంట్లో మోగనివ్వండి, మైకు సంగతి తర్వాత చూసుకోవచ్చు.